నెత్తిమీద చెయ్యి

మా ఆయన మల్లికార్జునరావు గారికి కరోనా రాలేదు. నాయకత్వం వచ్చింది.

బ్యాంకులో రోజు విడిచి రోజు డ్యూటీ వేసిన కాలం అది. మిగతా మగవాళ్లు ఆ ఖాళీ రోజుల్లో పిజ్జాలు చేయడం, జుట్టు తామే కత్తిరించుకోవడం నేర్చుకుంటుంటే, ఈయన మూడు నెలల ఆన్‌లైన్ కోర్సులో చేరారు. సంస్థల్లో నాయకత్వం, విద్య, సామాజిక బాధ్యత అని దాని పేరు. రిటైరవడానికి రెండేళ్లు కూడా లేవు, ఇప్పుడు మీకు నాయకత్వం ఎందుకండీ అని అడిగాను. నాయకుడికి వయసుతో పనిలేదు ఛాయా అన్నారు. ఆ మాట ఆయన సొంతం కూడా కాదు, నోట్సులో ఉంది.

చదివిన ప్రతి సిద్ధాంతాన్నీ ఏదో ఒక సంస్థకి అన్వయించి చూడాలని వాళ్ల ప్రొఫెసరు చెప్పారట. సూరత్ అంతా తలుపులు వేసుకుని కూర్చుంది కాబట్టి ఈయనకి దొరికిన సంస్థని నేనొక్కదాన్నే. మొదటి వారం సందర్భాన్ని బట్టి నాయకత్వం అనే పాఠం అయింది. పని రానివాళ్ల పక్కన నిలబడి చేయించాలట. పని వచ్చి, మనసు కూడా ఉన్నవాళ్లకి మొత్తం అప్పగించేసి పక్కకి తప్పుకోవాలట. నేను ఈ రెండో రకమని తేల్చి, వంటా గిన్నెలూ నాకు అప్పగించేసి ఆయన బాల్కనీలోకి తప్పుకున్నారు. అంతకుముందు ముప్ఫై ఏళ్లు ఏ సిద్ధాంతం ప్రకారం తప్పుకున్నారో మాత్రం చెప్పలేదు. మరుసటి వారం సేవక నాయకత్వం వచ్చింది. నాయకుడన్నవాడు ముందు అందరికీ సేవ చేయాలట. ఆ వారం కాఫీ ఆయనే పెట్టారు. ఆ కాఫీ తాగాక, మీ నాయకత్వం ఇంట్లో వద్దు, బయట ఎక్కడైనా చూసుకోండని నేనే దండం పెట్టి పంపించాను.

బయట లింగం దొరికాడు.

లింగం సూరత్‌లోనే లింబాయత్ అనే పేటలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఎప్పుడో కుర్రతనంలో జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన బ్యాంకులో ఖాతాదారులు స్వయంగా వచ్చి ఫోటో, సంతకం సరిచూసుకుని వెళ్లాలని నోటీసు పెడితే, భిక్షపతి అనే తోటి పనివాడి కాగితాలు పట్టుకుని ఇతను వచ్చాడు. నువ్వు భిక్షపతివి కావు కదయ్యా అంటే తడబడనైనా లేదట.

"ఆయనకు జరమచ్చింది సార్, బద్లీ నేనచ్చిన. సంతకం గూడ ఆయనదే పెడ్త, నేర్సుకోనే అచ్చిన" అన్నాడట.

ఇందులో మోసం లేదు. మగ్గాల షెడ్లలో పద్ధతే అది. షిఫ్టులో మగ్గం ఆగకూడదు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే తన బదులు ఇంకొకరిని నిలబెట్టి పోవాలి, ఆ నిలబడ్డవాణ్నే బద్లీ అంటారు. మగ్గం నడుస్తుంటే చాలు, దాని ముందు నిలబడింది ఎవరన్నది యజమాని సేఠు పట్టించుకోడు. బ్యాంకు కూడా అలాగే నడుస్తుందని లింగం అనుకున్నాడు. వ్యక్తిగత బాధ్యత గురించి మా ఆయన అతనికి అరగంట చెప్పారట. లింగం అంతా విని, అయితే రేపు రమ్మంటారా అని అడిగాడట. అక్కడ మొదలైంది వీళ్లిద్దరి స్నేహం.

లింగం కూతురు సంతోషి, ఇక్కడి తెలుగు మీడియం బడిలో పదో తరగతి. బడి మూసేశారు. పాఠాలు ఫోనులో వస్తున్నాయి. ఇంట్లో ఉన్న ఫోను ఒక్కటే, అది లింగంతో పాటు కారఖానాకి పోవాల్సిందే, ఎందుకంటే ఫోనులో ఆరోగ్యం యాప్ పచ్చగా కనిపిస్తేనే గేటు దగ్గర లోపలికి వదులుతారు. పదిహేను రోజులు రాత్రి షిఫ్టు, పదిహేను రోజులు పగటి షిఫ్టు. రాత్రి షిఫ్టు ఉన్నన్నాళ్లూ పగలు తండ్రి పడుకుంటాడు, పిల్ల చదువుకుంటుంది. పగటి షిఫ్టు మొదలవగానే పిల్ల చదువు ఆగిపోతుంది. ఈ పిల్లకి చదువు శుక్లపక్షంలోనే అన్నమాట. పక్కింటి పిల్లల ఫోనులో చూద్దామంటే, ఆ రోజుల్లో ఒకరి గడప ఒకరు తొక్కనిచ్చేవాళ్లు కాదు.

ఇది వినగానే మా ఆయనకి ప్రాజెక్టు దొరికింది. లింబాయత్, నవాగామ్ వైపు ఉన్న తెలుగు పిల్లలకి సాయంత్రం ఆన్‌లైన్ తరగతి పెడదామన్నారు. నాయకత్వం ఆయనది, విద్య నాది. పెళ్లికి ముందు నేను రెండేళ్లు లెక్కలు చెప్పానన్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ముందు పది నిమిషాలు ప్రేరణ కలిగిస్తారు, ఆ తర్వాత గంటసేపు నేను లెక్కలు చెబుతాను. పిల్లలు ఓ పదిమంది చేరారు. సంతోషికి మాత్రం తండ్రికి రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లోనే కుదిరేది.

మొదటి రోజు మైకులు తెరవగానే మా హాల్లో కిటికీ అద్దాలు అదిరాయి. ఆ పిల్లల ఇళ్లన్నీ మగ్గాల షెడ్ల పైనో, పక్కనో. దడదడమని ఒకటే మోత. ఇకమీదట మైకులు మూసి పెట్టండని చెప్పాను. మా ఆయన వెంటనే దానికి మౌన శ్రవణ పద్ధతి అని పేరు పెట్టి రాసుకున్నారు.

మైకులు మూశాక ఆ పిల్లలు ఎంత హుషారయ్యారో చెప్పలేను. షెడ్డులో మాట వినపడదు కాబట్టి పనివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. మాస్కులు వచ్చాక పెదవుల కదలిక కూడా కనపడక, ఉన్న సైగలకి కొత్తవి చేరాయి. పిల్లలకి అవి ఉగ్గుపాలతో వచ్చాయి. నేను పరుశురాం అనే పిల్లాడిని ఎక్స్ విలువ ఎంతరా అని అడిగితే వాడు కాసేపు తెర వంక చూసేవాడు, తర్వాత వేళ్లతో సరైన జవాబు చూపించేవాడు. లెక్క మాత్రం పుస్తకంలో ఉండేది కాదు. నాలుగో రోజుకి పట్టుకున్నాను. సంతోషి ముక్కు గోక్కుంటోంది, చెవి రుద్దుకుంటోంది, వీడు అది చూసి చెబుతున్నాడు. ఇకనుంచి జవాబు కాదు, లెక్క చేసిన పేజీ తెర ముందు పెట్టమన్నాను. అప్పటి నుంచి పరుశురాం నాతో ముభావంగా ఉన్నాడు.

ఇంకో సైగ కూడా ఉండేది. మా ఆయన లాప్‌టాప్ ముందుకి రాగానే పిల్లలందరూ గబుక్కున కుడి అరచెయ్యి నెత్తిమీద పెట్టుకుని, నిటారుగా కూర్చునేవాళ్లు. ఆయన మురిసిపోయారు. ఇది వాళ్ల సమాజపు అభివాదం అయి ఉంటుంది, ఛాయా, పెద్దల ఆశీర్వాదం కోరడం అన్నారు. మర్నాటి నుంచి ఆయన కూడా వస్తూనే నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, చిరునవ్వుతో అలాగే కాసేపు నిలబడేవారు. పిల్లలు పెదవులు బిగబట్టుకుని కూర్చునేవారు.

నాకు అనుమానం వచ్చింది. సంతోషి ఒకరోజు లెక్క అడగడానికి ఫోన్ చేస్తే, ఆ నెత్తిమీద చెయ్యి ఏమిటో చెప్పమన్నాను.

"సార్‌కు చెప్పద్దు మేడం. గదేందంటే, సేఠు అచ్చిండు, హుషారుగుండుండ్రి అని. పాత సేఠులు టోపీ పెట్టుకుంటుండె గద, గందుకు" అంది.

నేను నవ్వలేక చచ్చాను. ఆయనకి చెబుదామనే హాల్లోకి వెళ్లాను. ఆయన అప్పుడే రిపోర్టులో నాలుగో అధ్యాయం పూర్తి చేసి నాకు చదివి వినిపించారు. ఈ సంస్థలో నాయకుడు ప్రవేశించగానే సభ్యులు స్వచ్ఛందంగా శిరస్సుపై చేయి ఉంచుతారు, నాయకుడు దానిని స్వీకరించి తానూ అదే చేయుట వలన అంతరం తొలగిపోవుచున్నది, అని ఉంది అందులో. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఈయన గదిలోకి వస్తే లేచి నిలబడ్డవాళ్లే తప్ప సంతోషించినవాళ్లు లేరు. ఆ మొహం చూశాక నాకు చెప్పబుద్ధి కాలేదు. బాగుందండీ అని వంటింట్లోకి వచ్చేశాను.

ఇంతలో నిజంగానే ఒక మంచి సంగతి జరిగింది. ఒక బట్టల మిల్లు వాళ్ల దగ్గర సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సిన నిధులున్నాయని తెలిసి ఈయన ఉత్తరం రాశారు. తరగతి చూసి, నచ్చితే వచ్చే పిల్లలందరికీ తలా ఒక ట్యాబ్ ఇస్తామని జవాబు వచ్చింది. ఆ విభాగం చూసే హేతల్ బెన్ అనే ఆవిడ ఫలానా బుధవారం సాయంత్రం ఆన్‌లైన్‌లో వచ్చి కూర్చుంటానంది. ఆ రోజు తెర మీద కనిపించిన పిల్లలనే లెక్కలోకి తీసుకుంటామని షరతు. ఈయన ఆ మాటని యథాతథంగా పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశారు.

ఆ బుధవారం లింగానికి పగటి షిఫ్టు.

లింగం పెళ్లాం భూదేవి నాకు ఫోన్ చేసింది. ఇంట్లో కూర్చుని చీరలకి దారాలు కత్తిరించే మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. "ఫోను లేదనే గదమ్మా గా ట్యాబు. మల్ల ఫోను లేనిదానికి రాదంటె ఎట్లనమ్మా?" అంది. ఈ ప్రశ్నకి మా ఆయన కోర్సులో ఏ అధ్యాయంలోనూ జవాబు లేదు. తేదీ మార్చమని హేతల్ బెన్ ఆఫీసుకి ఫోన్ చేయించాను, కుదరదన్నారు. నా ఫోనే పంపిద్దామనుకుంటే, మూడో అంతస్తులో ఎవరికో పాజిటివ్ వచ్చి మా అపార్ట్‌మెంటు గేటుకి అడ్డంగా కర్రలు కట్టేశారు. లోపలి చీపురుపుల్ల బయటికి పోదు. ఇక నా కోపమంతా ఇంట్లో ఉన్న నాయకుడి మీద పడింది. ఆ ఒక్క పిల్ల కోసం మొదలుపెట్టిన తరగతి, ఆ పిల్లకి తప్ప అందరికీ ట్యాబులు, ఇదేనా మీ సామాజిక బాధ్యత అని దులిపేశాను. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నాయకత్వం వచ్చాక ఆయన మొహంలో మొదటిసారి దిగులు చూశాను.

బుధవారం సాయంత్రం ఐదైంది. పిల్లలు ఒక్కొక్కరే తెర మీదికి వచ్చారు, తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి బట్టలేసుకుని. హేతల్ బెన్ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, కళ్లద్దాలు, పెద్దగా నవ్వని మొహం. మా ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టుకుని స్వాగతం పలికి, ఇది మా తరగతి అభివాదమని ఆవిడకి హిందీలో వివరించారు. పిల్లలందరూ చేతులు పెట్టారు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని ఊరుకుంది.

అప్పుడు తెర మీద ఇంకో గడి వెలిగింది. కింద సంతోషి అని పేరు. గడిలో మాత్రం మీసాలున్న మనిషి, గడ్డం కిందికి జారిన మాస్కు, కనుబొమల మీద దూది నూగు. వెనక మగ్గాల వరస. లింగం.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. హాజరైన వాళ్లకే అన్నారు. పిల్ల రాలేదు. రాలేనివాళ్ల బదులు ఇంకొకరు నిలబడాలి. పాపం, కూతురికి బద్లీగా తండ్రి వచ్చాడు. ఒక చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో మగ్గం చూసుకుంటున్నాడు.

ఈ సంతోషి ఎవరని హేతల్ బెన్ అడిగింది. నాయకుడు కదా, మా ఆయన గొంతు సవరించుకుని తల్లిదండ్రుల భాగస్వామ్యం మేడం అన్నారు. ఆవిడ ఆయన్ని వదిలేసి నేరుగా లింగాన్నే అడిగింది, మీరెవరు అని. లింగం మైకు తెరిచాడు. మగ్గాల మోతకి అందరం చెవులు మూసుకున్నాం. అతను నొచ్చుకుని మైకు మూసేశాడు.

తర్వాత చేత్తో చెప్పాడు. ముందు ఫోను మీద వేలు పెట్టి, ఆ వేలు కిందికి చూపించాడు. తన భుజం ఎత్తున అరచెయ్యి పెట్టి పిల్ల ఎత్తు చూపించాడు. చెయ్యి ఏటవాలుగా వంచి ఇంటి కప్పు చూపించాడు. ఖాళీ అరచెయ్యి తెరిచాడు. ఆఖరున బొటనవేలితో తన ఛాతీ మీద తట్టుకున్నాడు. ఫోను ఇక్కడుంది, పిల్ల ఇంట్లో ఉంది, దాని చేతిలో ఏమీ లేదు, అందుకని నేనొచ్చాను.

సరిగ్గా అప్పుడే లింగం వెనక, మగ్గాల మధ్య దారిలో ఒక తెల్లచొక్కా కనిపించింది. లింగం చూడలేదు. పిల్లలు చూశారు. తెర మీద అన్ని గడుల్లోనూ ఒక్కసారే చేతులు నెత్తిమీదికి వెళ్లాయి. పరుశురాం అయితే రెండు చేతులూ పెట్టేశాడు. మా ఆయన కూడా, పిల్లలు గౌరవిస్తున్నారనుకుని, దరహాసంతో నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నారు. లింగం కళ్లు పెద్దవయ్యాయి. గడి నల్లబడిపోయింది.

ఎవరూ కదల్లేదు. మా ఆయన మాత్రం, చూశారా మేడం, తండ్రికి కూడా పిల్లలు ఎంత వినయంగా అభివాదం చేశారో అని మొదలుపెట్టారు. ఇక నేను ఆగలేకపోయాను. లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని, నాకొచ్చిన హిందీలో ఉన్నదంతా చెప్పేశాను. అది అభివాదం కాదని, సేఠు వస్తున్నాడన్న హెచ్చరికని, ఆ తండ్రి ఎందుకు వచ్చాడో, పిల్ల ఎందుకు రాలేదో, పదిహేను రోజుల చదువేమిటో, అన్నీ. ట్యాబు ఎవరికిచ్చినా ఇవ్వకపోయినా ఆ పిల్లకి ఇవ్వకపోతే ఈ తరగతికి అర్థం లేదని కూడా అన్నాను. పక్కన మా ఆయన చెయ్యి ఇంకా నెత్తిమీదే ఉంది. అది మెల్లగా కిందికి దిగింది. నాకు ఆయన మీద చాలా జాలేసింది.

హేతల్ బెన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మా నాన్నకి ఉధ్నాలో మగ్గాలుండేవి" అంది హిందీలో. "చిన్నప్పుడు ఆయన వెంట షెడ్డుకి వెళితే అందరూ ఇలాగే నెత్తిమీద చెయ్యి పెట్టేవారు. పదేళ్లు వచ్చేదాకా నాకు సలాం చేస్తున్నారనే అనుకున్నాను. నేను కూడా తిరిగి పెట్టేదాన్ని."

మా ఆయన తలెత్తి ఆవిడ వంక చూశారు. తర్వాత ఆవిడ, సంతోషికి హాజరు వేశాను, బద్లీ వచ్చాక మగ్గం ఆగినట్టు కాదు కదా అంది. అంటూ ఉండగా ఆ మొహం మీద మొదటిసారి నవ్వు వచ్చింది.

లింగానికి ఏమైందోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉంటే, షిఫ్టు దిగాక అతనే ఫోన్ చేశాడు. సేఠు తిట్టిండమ్మా, గని మగ్గమైతె ఆగలే, తిట్టి తిట్టి పోయిండు అన్నాడు. ట్యాబు వస్తుందని చెప్పాను. వెంటనే పక్కనున్న భూదేవికి ఫోను ఇచ్చేశాడు. ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఆ వారమంతా మా ఆయన ముభావంగా తిరిగారు. నీకు ముందే తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఎందుకు చెప్పలేదంటే, మీరు అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడు చూశానండీ అన్నాను. నాలుగో అధ్యాయం మొత్తం కొట్టేసి, దాని బదులు ఒకే ఒక్క పేజీ రాశారు. తన గురించి అందరికీ తెలిసిన సంగతి నాయకుడికి అందరికంటే చివర తెలుస్తుంది, అని అందులో మొదటి వాక్యం. ఈ వాక్యానికి రిఫరెన్సు ఏదని ప్రొఫెసరు అడిగారట. ఛాయాదేవి, వంటగది, సూరత్ అని రాసి పంపించారు.

ట్యాబులు వచ్చాయి. ఆ తర్వాతి పగటి షిఫ్టు మొదటి రోజు, లింగం ఫోను కారఖానాలో ఉండగా, సంతోషి తన గడిలో కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వుకుని, ట్యాబుకి అప్పుడే గులాబీ రంగు కవరు కూడా తొడిగేసింది. మా ఆయన కొంచెం బిడియంగానే తెర ముందుకి వచ్చారు. ఒక్క చెయ్యి కూడా నెత్తిమీదికి వెళ్లలేదు. పిల్లలు మామూలుగా చేతులు జోడించి నమస్తే పెట్టారు. ఆయన కూడా నమస్తే అన్నారు, గొంతులో కాస్త వెలితితో. ప్రేరణ కూడా పది నిమిషాలు కాకుండా రెండు నిమిషాల్లో ముగించేశారు.

నేను తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుని, లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చాను. ముందు సంతోషి చూసింది. దాని అరచెయ్యి గబుక్కున నెత్తిమీదికి వెళ్లింది. ఆ వెంటనే పరుశురాంది, తర్వాత అందరివీ. అందరూ నిటారుగా కూర్చున్నారు.

కుర్చీలోంచి లేస్తూ మా ఆయన కూడా నన్ను చూసి, నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నారు.